పాపకు చెవి పరీక్షకు రాసిచ్చారు, మూడుసార్లు తిరిగాం, ఇప్పుడేం చేయాలి?

సీమ_అమ్మ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక పల్లె. పాపకు 14 నెలలు. పిల్లల్ని పరీక్ష చేసే డాక్టరమ్మ వాళ్లు రెండు నెలల కింద మా అంగన్‌వాడీకి బండిలో వచ్చారు. పాప వెనక నిలబడి గిలక ఊపారు, చప్పట్లు కొట్టారు. పాప తిరిగి చూడలేదు. అంతకు ముందు ఇంట్లో మిక్సీ వేసినా లేచేది కాదు. మంచి నిద్ర అని మేమే మురిసిపోయాం. అది తలుచుకుంటే ఇప్పుడు కడుపులో దేవినట్టు ఉంటుంది.

చెవి పరీక్షకని టౌనులో పెద్ద ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు. ఆసుపత్రి పేరు రాయను, అక్కడ మంచిగా మాట్లాడిన వాళ్లూ ఉన్నారు. మొదటిసారి పోతే ఓపీ రాయించుకోమన్నారు, పిల్లల విభాగానికి పొమ్మన్నారు, అక్కడి నుంచి చెవి ముక్కు గొంతుకు పంపారు. అక్కడికి పోయేసరికి పరీక్ష చేసే మేడం క్యాంపుకు పోయారన్నారు. రెండోసారి మేడం ఉన్నారు. పాప మాత్రం బస్సులో కమ్మగా నిద్రపోయి, సరిగ్గా అక్కడ లేచి కూర్చుంది. మందు తాపించినా పడుకోలేదు, మళ్లీ రమ్మన్నారు. మూడోసారి పోతే "రాసిచ్చిన చీటీ ఏదమ్మా" అన్నారు. అది మొదటిసారే ఏదో టేబుల్ దగ్గర తీసుకున్నారు. మళ్లీ మొదటి నుంచి ఓపీ వరుసలో నిలబడ్డాం, ఆలోగా మధ్యాహ్నం అయిపోయింది.

ఇప్పుడు బస్సు ఆడవాళ్లకు ఉచితమే. కానీ పోయిన ప్రతిసారీ కూలి పోతుంది. మా ఆయన బెంగళూరులో తాపీ పని. మా అత్త "వాళ్ల తాత కూడా మూడేళ్లకే మాట్లాడినాడు, ఊరికే తిప్పొద్దు" అంటుంది. నేను మా మేనమామనే చేసుకున్నాను, దానికి కూడా నలుగురూ నాలుగు మాటలు అంటున్నారు.

నేను అడిగేది ఇది. ఇలా రాసిచ్చిన పిల్లల సంగతి ఎవరు చూసుకుంటారు? ఆలస్యమైతే పాపకు నష్టమా?

పెన్నా_నాన్న · సోమవారం, రాత్రి 10:05

అక్కా, తిరగడం ఆపి అప్పో సప్పో చేసి బెంగళూరులో ప్రైవేటులో చూపించండి. చీటీల మీద నమ్మకం పెట్టుకుంటే పాప పెద్దదైపోతుంది.

రిటైర్డ్_ఏఎన్ఎం · సోమవారం, రాత్రి 10:31

అప్పు మాట అప్పుడే వద్దు నాయనా. పరీక్షకు అప్పు చేస్తే రేపు వినికిడి యంత్రానికి, మాటలు నేర్పించడానికి ఏం చేస్తారు? ఇది ఒక్క రోజుతో అయ్యేది కాదు, ఏళ్లు పట్టే పని.

అమ్మా, ఆ బండిలో వచ్చింది రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లు. 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను చూస్తారు. అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ వెతుకుతారు. దొరికితే జిల్లా స్థాయిలో డీఈఐసీ అని ఒక కేంద్రం ఉంటుంది, అక్కడికి పంపాలి. పిల్లల డాక్టరు, వినికిడి పరీక్ష చేసేవాళ్లు, ఫిజియోథెరపీ, కళ్లు, మాటలు నేర్పేవాళ్లు అందరూ ఒకే చోట ఉండాలని దాని ఉద్దేశం. మీ చీటీ పట్టుకుని మామూలు ఓపీ వరుసలో నిలబడక్కర్లేదు. గేటు దగ్గరే "డీఈఐసీ ఎక్కడ" అని అడగండి. అక్కడ మేనేజరు అని ఒకరు ఉంటారు, మీలాంటి వాళ్లను విభాగాలకు తీసుకుపోయి కలిపే పని వాళ్లది.

పిల్లల_డాక్టర్_సీమ · మంగళవారం, ఉదయం 6:50

అమ్మా, ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు. అవును, ఆలస్యమైతే నష్టమే. కానీ 14 నెలలంటే చేయి దాటిపోలేదు. బిడ్డ పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా యంత్రం మొదలు కావాలని మేం చదువుకున్నాం. మన దగ్గర చాలామంది పిల్లలు రెండేళ్లు, మూడేళ్లు దాటాక వస్తారు, "తాత కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అన్న మాటతోనే. మాట పుట్టేది చెవిలో నుంచే. విన్నది మెదడులో స్థిరపడే వయసు మొదటి రెండు మూడేళ్లే. కాబట్టి తిరిగినందుకు విసుగు వచ్చినా ఆపొద్దు.

ఇంట్లో గిన్నె మోగించి చూసి, పాప తిరిగిందని ఊరట పడొద్దు. అదురుకు, నీడకు కూడా పిల్లలు తిరుగుతారు.

ఇప్పుడు పరీక్ష గురించి. మీరు చెప్పినదాన్ని బట్టి అది బెరా పరీక్ష. తలకు చిన్న వైర్లు అంటించి చెవిలో శబ్దం వినిపిస్తారు, పాప గాఢంగా నిద్రపోవాలి. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లవారుజామునే లేపండి. బస్సులో ఎంత ఏడ్చినా నిద్రపోనివ్వొద్దు, పక్కన ఒకరు తోడు ఉంటే ఆడిస్తూ తీసుకురండి. కడుపు నిండా పాలు అక్కడికి పోయాకే. అయితే నిద్రమందు తాపిస్తారంటే ఎంతసేపటి ముందు పాలు ఆపాలో వాళ్లను అడిగి అలాగే చేయండి. పాపకు జలుబు, దగ్గు ఉన్న రోజు పోవద్దు, ముందే ఫోన్ చేసి తేదీ మార్చుకోండి. ఈ మాటలు రాసిచ్చిన రోజే ఎవరో ఒకరు మీకు చెప్పి ఉంటే రెండోసారి వృథా అయ్యేది కాదు.

మేనరికం సంగతి. దగ్గరి చుట్టరికంలో పెళ్లి అయితే పుట్టు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది, అది నిజం. అది మీ తప్పు అనేది నిజం కాదు. మన సీమలో ఎన్ని ఇళ్లలో ఈ పెళ్లిళ్లు లేవు? ఇంకో బిడ్డ కావాలనుకున్నప్పుడు డాక్టరుతో ఈ విషయం మాట్లాడండి, పుట్టిన వెంటనే ఆ బిడ్డకు వినికిడి పరీక్ష చేయించండి. అంతవరకే.

సీమ_అమ్మ · మంగళవారం, ఉదయం 7:15

సార్, బస్సులో నిద్రపోనివ్వొద్దు అనే మాట ఎవరూ చెప్పలేదు. మా అత్తకు ఇది మొత్తం చదివి వినిపించాను. ఏమీ అనలేదు, పాపను ఎత్తుకుని బయటికి పోయింది.

హగరి_గట్టు · మంగళవారం, ఉదయం 8:20

ఒక మాట అడుగుతా. ఊళ్లో ఆశా కార్యకర్తలు ఏం చేస్తున్నారు? చీటీ ఇచ్చాక మూడు ట్రిప్పులు ఈ అమ్మ ఒక్కతే తిరిగింది. వాళ్లకు ఇది పట్టదా?

ఆశా_గుత్తి_వైపు · మంగళవారం, మధ్యాహ్నం 1:10

అన్నా, పట్టకుండా ఎట్లా ఉంటుంది? ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో పోతాం. బరువు, బొడ్డు, పాలు తాగడం, ఒళ్లు వేడి అన్నీ చూస్తాం. ఆ 42 రోజులలో పైకి కనిపించే తేడా ఉంటే పట్టుకుంటాం. చెవి, మాట లాంటివి ఆ తర్వాత బయటపడతాయి. అంగన్‌వాడీలో బండి వాళ్లు చీటీ రాస్తే ఒక్కోసారి ఆ కబురు మా వరకు రాదు. తల్లి చెప్తేనే తెలుస్తుంది.

నేను నా సొంతానికి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏ బిడ్డను ఎక్కడికి రాశారు, ఏ తారీఖు, పోయిందా లేదా, పోతే ఏం చెప్పారు, ఈ నాలుగు గళ్లు గీసుకున్నాను. ఎవరూ అడిగింది కాదు. ఒక మగబిడ్డ విషయంలో బాధపడి మొదలుపెట్టాను. వాడికి రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టాయి. నెల బిడ్డగా ఉన్నప్పుడే రాసిచ్చారు, అమ్మా నాన్నా పోయారనుకున్నాను. వాళ్లు బెంగళూరు పనికి పోయి ఏడాదికి వచ్చారు, బిడ్డ పాదం అంచు మీద నడుస్తున్నాడు. నేను ఒక్క ఫోన్ చేసి ఉంటే?

పిల్లల_డాక్టర్_సీమ · మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఆశా అక్కా, ఆ నాలుగు గళ్ల పుస్తకం మా దగ్గర ఆసుపత్రిలో కూడా ఉండాల్సింది. వంకర పాదానికి పుట్టిన మొదటి వారాల్లోనే పట్టీ (పిండికట్టు) మొదలుపెడితే వారానికి ఒకటి చొప్పున ఐదారు పట్టీలతో పాదం చక్కబడుతుంది. చాలామందికి మడమ నరం దగ్గర చిన్న కోత వేస్తారు, తర్వాత బూట్లు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ల దాకా నిద్రలో వేయాలి. ఏడాది బిడ్డకైనా చేయవచ్చు, కష్టం మాత్రం ఎక్కువ. ఆ బిడ్డ ఇప్పుడెలా ఉన్నాడు?

ఆశా_గుత్తి_వైపు · మంగళవారం, మధ్యాహ్నం 2:52

పట్టీలు అయిపోయాయి సార్. రాత్రి బూట్లు వేస్తున్నారా అని వారం వారం అడుగుతున్నా.

కోసిగి_మాస్టారు · మంగళవారం, రాత్రి 8:00

మా వైపు కథ ఇంకో రకం. కోసిగి, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. ఇంటికి తాళం, పిల్లలు కూడా వాళ్లతోనే. అంగన్‌వాడీలో రాసిచ్చిన చీటీ సంచిలో బట్టల కింద ఉంటుంది, మూడు నెలల తర్వాత వచ్చేసరికి నలిగిపోయి ఉంటుంది. బిడ్డ గుంటూరు జిల్లాలో ఉన్న రోజులలో కర్నూలు జిల్లా చీటీ ఎవరు చూస్తారు?

పోయిన ఏడాది ఒక బిడ్డ చేతికి టేపు చుట్టి చూస్తే ఎర్ర గీత దగ్గర ఆగింది, 11.5 సెంటీమీటర్ల లోపు. పోషకాహార పునరావాస కేంద్రానికి రాశారు. అక్కడ తల్లితో పాటు రెండు వారాలు ఉండాలి. తల్లికి తిండి పెడతారు, పోయిన కూలికి కొంత డబ్బు కూడా ఇస్తారు, మంచి ఏర్పాటే. ఆ తల్లికి ఇంకా ఇద్దరు పిల్లలు, నాలుగు మేకలు, మొగుడు తాగుతాడు. "మాస్టారూ, ఆ ఇద్దరికీ ఎవరు వండి పెడతారు" అంది. నా దగ్గర జవాబు లేదు. చివరకు అంగన్‌వాడీ టీచరమ్మ, నేను, పక్కింటి అవ్వ ముగ్గురం ఆ ఇద్దరినీ పంచుకున్నాం. తల్లీ బిడ్డా పోయి వచ్చారు. రాసిచ్చేటప్పుడే "ఇంట్లో ఎవరున్నారమ్మా" అని ఒక్క మాట అడిగితే సగం చీటీలు పనికొస్తాయని నాకు అనిపిస్తుంది.

అంగన్‌వాడీ_టీచర్ · మంగళవారం, రాత్రి 8:44

మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మాకు రిజిస్టరులో "రెఫర్ చేశారు" అని రాయడానికి గడి ఉంది, "పోయి వచ్చారు" అని రాయాలంటే నేను అంచున ఇరికించి రాస్తున్నాను.

పల్లె_కుర్రోడు · మంగళవారం, రాత్రి 9:02

చదువుతున్నా. మా అక్క కొడుకు విషయంలో ఉపయోగపడుతుంది.

కడప_అమ్మమ్మ · బుధవారం, ఉదయం 10:15

అందరూ కష్టాలే రాస్తున్నారు, కుదిరినదాన్ని కూడా చెప్తాను. మా మనవరాలికి రెండు నెలల వయసులో పాలు తాగుతుంటే నుదుటి మీద చెమట పట్టేది. నాలుగు గుక్కలు తాగి ఆయాసపడి వదిలేసేది. బరువు పెరగలేదు. టీకాకు తీసుకుపోతే పీహెచ్‌సీ డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండెలో చప్పుడు తేడాగా ఉందని, ఎకో (గుండెకు తీసే స్కానింగ్) తీయించాలని రాశాడు. ఊరికే రాసి పంపలేదు, తను పంపే డాక్టరుకు మా ముందే ఫోన్ చేసి "రేపు పది గంటలకు ఫలానా పాప వస్తుంది" అని చెప్పాడు. కడపలో ఎకో తీశారు, గుండెలో రంధ్రం ఉందన్నారు. తిరుపతిలో టీటీడీ వాళ్లు 2021లో చిన్నపిల్లల గుండెకని ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టారు, శ్రీ పద్మావతి పేరు మీద. అక్కడికి పంపారు. పైసా కట్టలేదు. ఆపరేషన్ అయి ఏడాది దాటింది, ఇప్పుడు ఇల్లంతా పరుగులు.

నేను చెప్పేది ఆ ఫోన్ కాల్ గురించి. మేం పోయేసరికి పాప పేరు అక్కడ రాసి పెట్టి ఉంది. ఎవరినీ బతిమాలే పని పడలేదు. చదువు రాని నాకు అది ఎంత ధైర్యమో చెప్పలేను.

పెన్నా_నాన్న · బుధవారం, ఉదయం 11:00

అమ్మమ్మ రాసింది చదివాక నేను మొన్న రాసింది తొందరపాటు అనిపిస్తోంది. నిజానికి మా బాబుకు మూడేళ్ల కింద ఫిట్స్ వచ్చినప్పుడు రాత్రి రెండు ఆసుపత్రులు తిప్పారు, ఏం జరుగుతోందో ఒక్క మాట చెప్పేవాళ్లు లేరు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఒక అనుమానం. స్కీములో ఆపరేషన్ చేయించాలంటే ఈ రాసిచ్చిన చీటీ తప్పనిసరా?

కడప_అమ్మమ్మ · బుధవారం, ఉదయం 11:40

మాకు అక్కడ ఆరోగ్యమిత్ర అని ఒకమ్మాయి టేబుల్ వేసుకుని కూర్చుని ఉంటుంది నాయనా. కార్డు, ఆధార్, రిపోర్టులు తీసుకుని అన్నీ తనే చేసింది. ఇంతకు ముందు ఆరోగ్యశ్రీ అనేవాళ్లం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. చీటీ ఉంటే దారి తొందరగా దొరికింది. ఏ ఆసుపత్రికి పోయినా ముందు ఆ టేబుల్ వెతుక్కోండి.

పిల్లల_డాక్టర్_సీమ · బుధవారం, రాత్రి 10:20

డ్యూటీ అయిపోయి ఇప్పుడే చూశాను. పెన్నా నాన్న గారూ, మీ కోపం అర్థమైంది. చీటీలు అందుకునే వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి.

నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో ఒక చలికాలం రాత్రి ఆటోలో ఒక పసిగుడ్డు వచ్చింది. 1.6 కిలోలు. పల్చటి తువ్వాలు చుట్టి ఉంది. పాదాలు ముట్టుకుంటే మంచులా ఉన్నాయి. పాలు పట్టి మూడు గంటలు దాటింది. చేతిలో చీటీ ఉంది, దాని మీద "తదుపరి చికిత్స కోసం" అని మాత్రం రాసి ఉంది. ఎందుకు పంపారు, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, ఏమీ లేదు. బిడ్డ బతికింది. కానీ దారిలో బిడ్డను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టి, తలకు టోపీ పెట్టి పంపి ఉంటే, మధ్యలో రెండు చెంచాల తల్లిపాలు పట్టి ఉంటే, ఆ బిడ్డకు అంత చలి ఎక్కేది కాదు, ఒంట్లో చక్కెర పడిపోయేది కాదు. పంపడం కూడా వైద్యమే. బిడ్డ బయలుదేరే ముందు చేయాల్సినవి చేశాకే పంపాలి. అప్పటి నుంచి నేను ఎవరినైనా పైకి పంపాల్సి వస్తే బరువు, ఇచ్చిన మందు, ఇచ్చిన గంట, నా ఫోన్ నంబరు చీటీ మీద రాస్తాను.

ఏడాదిలోపు జబ్బు పిల్లలను ఒక సర్కారు ఆసుపత్రి నుంచి ఇంకోదానికి పంపితే బండి ఉచితం, తిరిగి ఇంటికి దించడం కూడా. జననీ శిశు సురక్ష అనే సర్కారు పథకం కింద అది హక్కు. ఆటో మాట్లాడుకునే ముందు 108 అడగండి.

అలాగే ఇది చదివే తల్లులకు. పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, పిలిచినా పలకనంత మత్తు, ఊపిరికి డొక్కలు లోపలికి పోవడం. వీటిలో ఏది కనిపించినా చీటీ కోసం ఎదురుచూడొద్దు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా అంతే. వెంటనే బయలుదేరండి. చెవి పరీక్షకు తేదీ మార్చుకోవచ్చు, వీటికి మార్చుకోలేం.

హగరి_గట్టు · గురువారం, ఉదయం 7:30

ఆశా అక్కా, నేను మొన్న అన్న మాటకు ఏమీ అనుకోవద్దు. మా ఊరి ఆశాను నిన్న సాయంత్రం కలిశాను. ఆమె దగ్గర కూడా ఒక నోటుపుస్తకం ఉంది. నేనెప్పుడూ అడగలేదు.

ధర్మవరం_మగ్గం · గురువారం, మధ్యాహ్నం 12:15

2022లో జిల్లాలు విడిపోయాక మాకు ఇంకో తిప్పలు. మాది ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పుట్టపర్తి జిల్లా కేంద్రం, జిల్లా ఆసుపత్రి హిందూపురంలో, మాకు అలవాటైన పెద్దాసుపత్రి అనంతపురంలో. ఎటు రాస్తారో రాసేవాళ్లను గట్టిగా అడిగి తెలుసుకోండి. "ఏ ఊరు, ఏ విభాగం, ఏ వారం" ఈ మూడూ చెప్పించుకోకుండా చీటీ తీసుకోవద్దని మా ఆవిడ అంటుంది. మా బాబును బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రిలో చూపించాం, మాకు అదే దగ్గర.

రిటైర్డ్_ఏఎన్ఎం · గురువారం, రాత్రి 9:00

సీమ అమ్మా, ఈసారి పోయేటప్పుడు చీటీ ఫోటో తీసి పెట్టుకో. అసలుది ఎవరు అడిగినా ఇవ్వు కానీ నకలు నీ దగ్గర ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు "ఏం తేలింది, మళ్లీ ఎప్పుడు రావాలి" అని వాళ్లతో ఒక కాగితం మీద రాయించుకో, అది మీ ఆశాకు, ఏఎన్ఎంకు చూపించు. నా 30 ఏళ్ల ఉద్యోగంలో పైకి పంపిన పిల్లల గురించి కిందికి తిరిగి కాగితం వచ్చింది చాలా తక్కువ. పంపిన వాళ్లకు ఏం జరిగిందో తెలియకపోతే తర్వాత బిడ్డను ఎలా చూసుకుంటారు?

సీమ_అమ్మ · మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:30

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. పరీక్ష అయింది.

మా ఊరి ఆశా అక్క ముందు రోజే ఫోన్ చేసి మేడం ఉన్నారని కనుక్కుంది. తెల్లవారి నాలుగు గంటలకు పాపను లేపాను. బస్సులో మా అత్తే వచ్చి కూర్చుంది, రెండు గంటలు పాపను కిటికీలో మేకలు, టవర్లు చూపిస్తూ ఆడించింది. నేరుగా డీఈఐసీ అడిగి పోయాం. పాలు ఎప్పుడు ఆపాలో అడిగాను, మందు తాపించాక పాప పది నిమిషాల్లో పడుకుంది.

రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువ ఉందన్నారు. ఆ మాట వినగానే నా చేతులు వణికాయి. మేడం కూర్చోబెట్టి నిదానంగా చెప్పారు. ముందు వినికిడి యంత్రం పెట్టి కొన్ని నెలలు చూస్తారట, దానితో లాభం సరిపోకపోతే లోపల అమర్చే కాక్లియర్ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారట. యంత్రం సర్కారు పథకంలో వస్తుందన్నారు, ఆదాయ సర్టిఫికెట్ అడిగారు. యంత్రం చెవిలో సరిగ్గా కూర్చోవడానికి చెవులకు అచ్చు తీశారు. ఏఎన్ఎం అమ్మ చెప్పినట్టు కాగితం రాయించుకుని ఫోటో తీసి ఆశా అక్కకు పంపాను. మా ఆయనకు కూడా పంపాను, ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నేను వచ్చే వారం వస్తా" అన్నాడు.

వచ్చే గురువారం అచ్చులు వస్తాయి. చిన్నపిల్లలు యంత్రం పీకి పారేస్తారని అంటున్నారు. మీలో ఎవరైనా అలవాటు చేసి ఉంటే ఎలా చేశారో రాయండి.

ఆదోని_అమ్మ · శనివారం, రాత్రి 10:10

చెల్లీ, మా వాడికి ఏడాదిన్నరకు పెట్టారు. మొదటి వారం పీకేస్తూనే ఉన్నాడు. నూలు టోపీ కట్టి, బువ్వ తినేటప్పుడు మాత్రం పెట్టేదాన్ని, పది నిమిషాలు. చేతులు రెండూ బువ్వలో ఉంటాయి కాబట్టి చెవి దగ్గరికి పోవు. మర్నాడు పదిహేను, అలా పెంచుకుంటూ పోయాను. నెలకు స్నానం, నిద్ర తప్ప మిగతా అంతా పెట్టుకునేవాడు. యంత్రానికి దారం కట్టి చొక్కాకు పిన్నుతో గుచ్చు, పీకినా కింద పడదు. బ్యాటరీలు పాప చేతికి అందకుండా పెట్టు, మింగితే చాలా ప్రమాదం.

పెట్టిన మొదటి రోజు ఊరికే కూర్చోకు, పాప పేరు పెట్టి పిలువు.